దగ్గు ఎక్కడ రాయాలి

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నా రాతలో తప్పులు ఉంటాయి. ఒత్తులు కొన్నిచోట్ల మరిచిపోతాను, మరిచిపోయానేమోనన్న భయంతో కొన్నిచోట్ల రెండుసార్లు పెడతాను. నాలుగు వాక్యాలు రాసేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతాయి కాబట్టి పాలు కాచే వేళ రాయను. నాకు అక్షరాలు వచ్చింది అరవై మూడో ఏట. అంతకుముందు ఎవరు సంతకం అడిగినా బొటనవేలు చూపించేదాన్ని. అందుకని చదివేవాళ్లు నాతోపాటు కాస్త నెమ్మదిగా నడవాలి. తొందర ఉన్నవాళ్లు నన్ను దాటి వెళ్లిపోయినా నేనేమీ అనుకోను.

మా ఊళ్లో మున్సిపల్ కౌన్సిల్ వాళ్ల హాలు ఒకటుంది. ఒకప్పుడది నీటి గొట్టాలు దాచుకునే గోడౌను. గొట్టాలకు వేరే చోటు దొరికాక దాన్ని నాటకాలవాళ్లకూ, పాటలవాళ్లకూ, బొమ్మలు వేసేవాళ్లకూ ఇచ్చారు. ఇవ్వడమంటే తాళంచెవి చేతిలో పెట్టి మీ చావు మీరు చావండి అనడం కాదు. కరెంటు వాళ్లదే, బెంచీలు వాళ్లవే, వాన కురిస్తే కప్పు మీదికి ఎక్కే మనిషీ వాళ్లవాడే. రోజూ పొద్దున హాలు తుడిచే మనిషి కూడా కౌన్సిల్ మనిషే. ఆ మనిషిని నేనే. ఇరవై తొమ్మిదేళ్లు ఆ హాలు తుడిచాను. ఏ బెంచీ మీద ఏ రకం జనం కూర్చుంటారో కింది చెత్త చూసి చెప్పగలను.

మా ఆయన వడ్రంగి. ఆ హాలులో స్టేజీ వేసింది ఆయనే. వేసిన చేతులు ఊరుకోలేదు, ఎక్కి నటించడం మొదలుపెట్టాడు. తర్వాత తనే ఒక నాటకం కట్టాడు. కట్టాడనే అంటాను, రాశాడని అనను. ఆయనకు చదువొచ్చు గానీ కాగితం అంటే ఓపిక లేదు. చిత్రిక పడుతూ మాటలు పైకి అనుకునేవాడు, నచ్చిన మాట వచ్చినప్పుడు చిత్రిక ఆగిపోయేది. అది విని నేను వంటింట్లోంచి, ఇవాళ పని సాగినట్టే అనేదాన్ని. మొత్తం నాటకానికి ఆయన చేసిన రాత ఒక్కటే. ఒక చెక్కముక్క మీద చదునైన వడ్రంగి పెన్సిలుతో రంగాల వరస రాసి స్టేజీ పక్కన మేకుకు తగిలించాడు. వాన, గొడుగు, తలుపు, గోడ. అప్పటికి నాకు చదువు రాకపోయినా ఆ నాలుగు మాటలను ముఖాలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేదాన్ని.

నాటకం పేరు 'ఒక్క గొడుగు'. ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకుని ఇంటి మధ్య గోడ కట్టుకుంటారు. గిన్నెలు, మంచాలు, చివరికి పెరట్లో బట్టలారేసే తాడు కూడా పంచుకుంటారు. నాన్న వదిలిపోయిన గొడుగు ఒక్కటే పంచలేకపోతారు. అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. వానలో ఇద్దరూ వెళ్లాలి. మాట్లాడుకోరు గానీ ఒక గొడుగు కింద నడవాలి. నాటకమంతా అంతే. అన్న వేషం మా ఆయనది. తమ్ముడి వేషం మా వీధి దర్జీది, వదినా వదినా అంటూ నా ఇంట్లో తిని నా వంటకే వంకలు పెట్టే మరిది. అన్న భార్యగా వేసింది ఆసుపత్రిలో పని చేసే నర్సు. నన్ను అక్కా అంటుంది. ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు ఎంత నెమ్మదో స్టేజీ మీద అంత గయ్యాళి.

నా వేషం తెర వెనకాల. మాట మరిచిపోయినవాళ్లకు మాట అందించడం నా పని. చదువు రాని ప్రాంప్టర్‌ని ఊళ్లో అందరూ వింతగా చెప్పుకునేవాళ్లు. రిహార్సల్స్‌లో చంటిపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుని కూర్చుని నాటకం మొత్తం నాకు నోటికొచ్చింది. మా అమ్మాయికి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, గొడుగు. ఆ సంగతి అది ఇప్పటికీ ఒప్పుకోదు.

మాట కావాలని అడగడానికి ఒక్కొక్కరికి ఒక్కో సైగ ఉండేది. దర్జీ మరిది చెయ్యి మెడకు పోయేది, అక్కడ లేని టేపు సవరించుకునేవాడు. నర్సు తన నాడి తనే పట్టుకు చూసుకునేది. మా ఆయన దగ్గేవాడు.

ఆ దగ్గు గురించి కొంచెం చెప్పాలి. మొట్టమొదటి ప్రదర్శనలో రెండో రంగంలో గొడుగు దగ్గర ఆయనకు మాట పోయింది. తమ్ముడు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అన్న ఏదో ఒకటి అనాలి. అనడు. ఆయన దగ్గాడు. కంగారులో తమ్ముడు ఠప్పున గొడుగు తెరిచాడు. నేను పక్కనుంచి "గొడుగు నీదే, వాన నాది" అని అందించాను. ఆయన ఆ మాట అన్నాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. పంతం పట్టిన మనిషి ముందుగా నోరు విప్పలేక దగ్గాడని వాళ్లనుకున్నారు. ఆ రోజునుంచి అక్కడ దగ్గు స్థిరపడిపోయింది. మాట గుర్తున్నా దగ్గేవాడు, గుర్తుందని తెలిసినా నేను అందించేదాన్ని. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

మా ఆయన పోయాక రెండేళ్లపాటు ఆ నాటకం ఎవరూ ఎత్తలేదు. నేను పని మానేసి మా అమ్మాయి ఇంటికి చేరాను. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని మా అమ్మాయి నన్ను కౌన్సిల్ లైబ్రరీలో మధ్యాహ్నం నడిచే పెద్దవాళ్ల క్లాసులో పడేసి వచ్చింది. అక్కడ చెప్పే పిల్ల వయసు నా కూతురి కన్నా తక్కువ. నేను పంతులమ్మా అంటాను, తను నన్ను పెద్దమ్మా అంటుంది. పలక ఇస్తానంటే, పెన్సిలు నా దగ్గరుందని మా ఆయన చెవి వెనక పెట్టుకునే చదునైన పెన్సిలు తీశాను. దానితో రాస్తే ఒక్కో అక్షరం వడియమంత లావుగా పడుతుంది.  పంతులమ్మ అది చూసి కాగితం పెద్దది ఇచ్చింది.

నేను వాక్యాలదాకా వచ్చిన రోజుల్లో కౌన్సిల్ నోటీసు వచ్చింది. చదివి వినిపించడానికి కళల విభాగం గుమాస్తా హాలుకు వచ్చాడు. చంకలో ఫైలు లేకుండా అతణ్ణి ఎవరూ చూడలేదు కాబట్టి ఊరందరికీ అతను ఫైలు బాబే. ఊళ్లోవాళ్లు కట్టిన నాటకాలు అయిదింటిని కౌన్సిల్ ఎంచుకుంటుందట. హాలు, దీపాలు, దుస్తులు, టముకు, అన్నీ వాళ్లే చూస్తారట. ఆ నాటకాలు అచ్చువేసి లైబ్రరీలో పెడతారట, ఎవరు ఎప్పుడు వెయ్యాలన్నా తీసుకోవచ్చట. షరతులు మూడే. నాటకం ఊరివాళ్లదై ఉండాలి. గంటకు తగ్గకూడదు. రాతప్రతి ఇవ్వాలి. కమిటీ ఒకసారి దాన్ని తీసుకున్నాక అందులో ఒక్క మాట కూడా మార్చడానికి వీల్లేదు.

రాతప్రతి అనగానే ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. దర్జీ మరిదికి తన మాటలు వచ్చు. "అన్నయ్య మాటలు నాకెందుకొస్తాయి వదినా, ఆయన మాట్లాడుతుంటే నేను నా మాట కోసం ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి గానీ విన్నానా?" అన్నాడు. నర్సుదీ అదే సంగతి. మొత్తం నాటకం ఉన్నది నా తలలో ఒక్కచోటే. నాకేమైనా అయితే మా ఆయన కట్టింది నాతోపాటే కాటికి పోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ నర్సు అలవాటుగా నా చెయ్యి అందుకుని నాడి చూసింది.

నువ్వు చెప్తూ ఉండు, నేను రాస్తాను అంది పంతులమ్మ. రెండు రోజులు ప్రయత్నించాం. నాటకం నాకు పరుగులాగా వస్తుంది. కాస్త ఆగమ్మా అని ఎవరైనా ఆపితే మళ్లీ మొదటి వాన దగ్గరనుంచి మొదలుపెట్టాలి. రెండు రోజుల్లో పంతులమ్మకు మొదటి రంగం నోటికొచ్చింది గానీ కాగితం మీద సగం పేజీ కూడా నిండలేదు. అప్పుడు నేనే రాస్తానన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి, తర్వాత నా పెన్సిలు చూసి, సరే అంది.

ఎలా రాశానో చెప్తాను. రోజూ పొద్దున మొదటినుంచి నాటకం అప్పజెప్పుకుంటూ నిన్న ఆగిన చోటికి వచ్చేదాన్ని. అక్కడినుంచి నాలుగైదు మాటలు రాసేదాన్ని. రోజు గడిచేకొద్దీ అప్పజెప్పుకోవడం పెరిగింది, రాయడానికి టైము తగ్గింది. చివర్లో గంట అప్పజెప్పుకుని రెండు మాటలు రాసేదాన్ని. కింద వంటింట్లోంచి మా అమ్మాయి, "అమ్మా, గొడుగు మడిచి భోజనానికి రా" అని కేకేసేది. మా అల్లుడు స్నానం చేస్తూ అన్న వేషం మాటలు అనుకునేవాడు. ఇంట్లో అందరికీ అలా అంటుకుంది.

మొత్తం యాభై ఆరు పేజీలు అయింది. పట్టుకెళ్లి ఫైలు బాబు బల్ల మీద పెట్టాను. అతను కళ్లజోడు పైకి తోసుకుని మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదివాడు.

"అన్న మాట్లాడడు. అన్న దగ్గుతాడు. తమ్ముడు గొడుగు తెరుస్తాడు. నేను గొడుగు నీదే వాన నాది అని అందిస్తాను. అన్న అదే అంటాడు. జనం నవ్వుతారు. నవ్వు ఆగేదాకా అందరూ ఆగాలి. నర్సు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరుగుతుంది, అందుకని గోడ గట్టిదై ఉండాలి."

చదివి నన్ను చూశాడు. "పెద్దమ్మా, ఇది నాటకమా, మీ ఇంటి కబుర్లా?"

నాకు అర్థం కాలేదు. నాటకంలో జరిగేదే రాశాను కదా బాబూ అన్నాను. నిజంగానే నేను అలా అనుకున్నాను. పుస్తకంలో నాటకం ఎలా ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు. నేను చూసింది పక్కన నిలబడి. అక్కడినుంచి కనిపించేదంతా నాకు నాటకమే. దర్జీ టేపు, నర్సు నాడి, మూడో రంగంలో తలుపు బిగుసుకుపోతే ఆయన భుజంతో తోసి "వానకు ఉబ్బింది" అని కలిపిన మాట, ఏదీ వదల్లేదు.

ఫైలు బాబు మంచివాడు. నా మంచికే చెప్పాడు. కమిటీలో చదువుకున్నవాళ్లు ఉంటారు, ఇది చూస్తే మనల్ని ఆటపట్టిస్తారు, పాత్రలు పైకి అనే మాటలు మాత్రమే ఉంచి శుభ్రమైన ప్రతి రాసివ్వు అన్నాడు. ఆఖరి రోజు ఆఫీసు మూసే వేళ దాటినా నీకోసం కూర్చుంటానన్నాడు, అలాగే కూర్చున్నాడు కూడా. పంతులమ్మ, నేను కలిసి దగ్గులు, టేపులు, నాడులు అన్నీ ఏరి పారేశాం. బియ్యంలో రాళ్లు ఏరినట్టే అనిపించింది. మిగిలింది పంతొమ్మిది పేజీలు. చేతిలో పట్టుకుంటే బరువే లేదు. అంత నాటకం ఇంతేనా అనుకున్నాను గానీ, చదువుకున్నవాళ్ల నాటకాలు ఇలాగే ఉంటాయి కాబోలని సరిపెట్టుకున్నాను.

కమిటీ ముందు చదివి వినిపించే రోజు వచ్చింది. కౌన్సిల్ భవనం రెండో అంతస్తులో అద్దం పరిచిన పెద్ద బల్ల, అటు ముగ్గురు, ఇటు మేం. ముగ్గురిలో పెద్ద ఒకావిడ, ఊళ్లో సగంమందికి లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. అందరూ లెక్కల మేడం అంటారు. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టుకుంది. దాన్ని చూసి మా దర్జీ మరిది నీళ్లు తాగాడు. వాడూ ఆవిడ దగ్గర చదివినవాడే, సరిగ్గా చెప్పాలంటే చదవనివాడే.

అన్న మాటలు చదవడానికి ఒక బస్ కండక్టర్ వచ్చాడు. మా వీధివాడే, నన్ను అత్తయ్యా అంటాడు. గొంతు మంచిది, స్టేజీ కొత్త. దర్జీ మరిది బయట ఎండ మండిపోతుంటే కూడా గొడుగు తెచ్చాడు. అది చేతిలో లేకపోతే వాడికి నోరు పెగలదు. నన్ను తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, నోరు విప్పొద్దని ఫైలు బాబు మరీమరీ చెప్పాడు.

చదవడం మొదలైంది. మాటల వెనక మాటలు వచ్చేస్తున్నాయి, రైలు స్టేషన్లలో ఆగకుండా పోతున్నట్టు. ఎవరూ నవ్వడం లేదు. నవ్వడానికి చోటేదీ? మొదటి రంగం పది నిమిషాల్లో అయిపోయింది. లెక్కల మేడం గడియారం చూసింది. రెండో రంగం వచ్చింది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. కండక్టర్ కాగితం చూసి వెంటనే "గొడుగు నీదే, వాన నాది" అని చదివేశాడు.

దర్జీ మరిది మాట్లాడలేదు. గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కండక్టర్ మళ్లీ చదివాడు. వీడు కదల్లేదు.  నేను చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏమైంది? మీ మాట అక్కడ రాసి లేదా?" అంది లెక్కల మేడం.

"రాసుందండీ."

"మరి చదవరేం?"

"అన్నయ్య దగ్గలేదండీ," అన్నాడు మా దర్జీ. "ఆయన దగ్గితేగానీ నేను గొడుగు తెరవను. తెరిస్తేగానీ నాకు మాట రాదు."

ఆవిడ ఇంతకాలం ఎన్ని సాకులు విన్నదో గానీ ఇలాంటిది వినలేదనుకుంటాను. ఏ అన్నయ్య, ఏ దగ్గు అని నిలదీసింది. వాడు తడబడ్డాడు. నర్సు అందుకుని మొదటి ప్రదర్శన సంగతంతా చెప్పింది. మరి ఆ దగ్గు ప్రతిలో ఎందుకు లేదని ఆవిడ అడిగింది. అందరూ నావైపు చూశారు. నేను సంచిలోంచి యాభై ఆరు పేజీల నోటు పుస్తకం తీసి అద్దం బల్ల మీద పెట్టాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. చంటిపిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి రాలేం కదా, అలా తెచ్చాను.

ఆవిడ మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టింది. నా లావు అక్షరాలు కావడంతో పక్కనున్న ఇద్దరూ దూరంనుంచే చదివేస్తున్నారు. ఏడో పేజీ దగ్గర ఒకాయన చేత్తో మూతి మూసుకున్నాడు. పదో పేజీ దగ్గర లెక్కల మేడం భుజాలు కదిలాయి. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరని మా దర్జీ తర్వాత ప్రమాణం చేసి చెప్పాడు.

"ఇవన్నీ ఎవరు తీసేయమన్నారు?" అంది తలెత్తి.

ఫైలు బాబు ఫ్యాను వైపు చూస్తున్నాడు. పాపం, చంకలో ఫైలు కిందికి జారుతున్నా తెలియడం లేదు.

"నేనే తీశానమ్మా," అన్నాను. "రాయడం కొత్త. ఏది ఉంచాలో తెలియలేదు."

సరే అయితే దీన్ని పెట్టుకుని మళ్లీ చదవండి, ఉన్నది ఉన్నట్టు అంది. భోజనాలయ్యాక మళ్లీ కూర్చున్నాం. ఈసారి నన్ను తలుపు పక్కన కాదు, కండక్టర్ వెనక నిలబెట్టారు, 'నేను అందిస్తాను' అని రాసి ఉంది కాబట్టి. కండక్టర్ దగ్గాడు. దర్జీ గొడుగు తెరిచాడు. ఆఫీసు గదిలో గొడుగు తెరుచుకుంటే ఎంత పెద్దదిగా ఉంటుందో అప్పుడే చూశాను. బల్ల అవతల ముగ్గురూ నవ్వారు, నవ్వు ఆగేదాకా మేం ఆగాం. గంటా పది నిమిషాలు పట్టింది. లెక్కల మేడం గడియారం చేతికి పెట్టుకుంది.

పెట్టుకుని, మళ్లీ ఆఖరి పేజీ తిప్పింది. "ఇక్కడ కూడా ఒక దగ్గుంది. ఇక్కడ ఏ మాట మరిచిపోయారు మీవారు?"

ఆ పేజీ నేను చూడక్కర్లేదు. నాటకం ఆఖరున ఇద్దరూ ఆసుపత్రినుంచి తడిసి వస్తారు. అన్న గోడ మీద చెయ్యి పెట్టి, "ఇది కట్టిన మేస్త్రీ మంచి పనివాడురా, మనమే పనికిమాలినవాళ్లం" అంటాడు. ఆ మాట ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. కానీ ఆఖరుసారి వేసినప్పుడు అక్కడ దగ్గాడు. మాట పోయిందనుకుని నేను అందించాను. ఆయన నావైపు చూడకుండా కాదన్నట్టు తల ఊపాడు. మళ్లీ దగ్గాడు. నేను మళ్లీ అందించాను, కాస్త గట్టిగా. ఇంటికి వస్తూ దారి పొడుగునా దెప్పాను, సొంత మాటలే గుర్తులేకపోతే ఇక నీ మొహానికి వేషం ఎందుకని. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మూడు నెలలకు పోయాడు. ఊపిరితిత్తులు.

ఆ దగ్గు నాటకంలోది కాదని నాకు తెలుసు. అయినా రాసేటప్పుడు చెయ్యి రాసేసింది. నా తలలో నాటకం ఇప్పుడు అలాగే ఉంది.

"మాట మరవలేదమ్మా," అన్నాను. "అక్కడ ఆయనకు నిజంగానే దగ్గొచ్చింది."

 లెక్కల మేడం పుస్తకం నావైపు తిప్పి పెట్టింది. గొంతు తగ్గించి, "ఒకసారి తీసుకున్నాక మార్చడానికి వీల్లేదు. ఉంచమంటారా, తీయమంటారా? ఆయన తరఫున మీరే చెప్పాలి," అంది.

ఉంచితే స్టేజీ మీద ఆయన ఆఖరి రోజు అందులో ఉంటుంది. రేపు ఎవరో కుర్రాడు అన్న వేషం కట్టి, రాసుంది కదా అని అక్కడ దగ్గుతాడు. వాడి తర్వాత ఇంకొకడు దగ్గుతాడు. నేను ఉన్నన్నాళ్లూ పక్కన నిలబడి అది వింటూ ఉండాలి. ఆ మాట చెప్పే చోట మా ఆయన ఎంత బాగా చెప్పేవాడో ఎవరికీ తెలియకుండా పోతుంది. గోడ మీద చెయ్యి ఆనించి, వడ్రంగి చెక్కను తడిమినట్టు తడిమి, తాపీగా చెప్పేవాడు.

"తీసేస్తానమ్మా. మొదటిది ఆయన చేసిన తమాషా, అది ఉండనీండి. ఇది జబ్బు. జబ్బుకు నాటకంలో వేషం ఇవ్వను."

ఫైలు బాబు చొక్కా జేబులోంచి రబ్బరు తీసి ఇచ్చాడు. చెరిపాను. వడ్రంగి పెన్సిలు కదా, నలుపు పోయింది గానీ కాగితం మీద గాడి ఉండిపోయింది. వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది. ఆ నోటు పుస్తకం లైబ్రరీలో అద్దాల బీరువాలో పెట్టారు కాబట్టి తడమడానికి నేను పంతులమ్మను బతిమాలుకోవాలి.

నాటకం రెండు నెలల తర్వాత వేశారు. కౌన్సిల్ వాళ్లు హాలు గోడలకు సున్నం వేయించారు. దుస్తులు ఎవరు కుట్టాలని వెతికి వెతికి మా దర్జీకే అప్పజెప్పారు, వాడు తన చొక్కా మాత్రం ఒక అంగుళం బిగువుగా కుట్టుకుని నాటకమంతా ఊపిరి బిగబట్టాడు. ఆ సాయంత్రం బెంచీలు చాలక వెనక నిలబడ్డారు. మా అమ్మాయి, అల్లుడు ముందు వరసలో, పక్కన పంతులమ్మ. ఫైలు బాబు ఫైలు లేకుండా వచ్చాడు. చాలామంది గుర్తుపట్టలేదు.

నేను నా చోట నిలబడ్డాను. మేకుకు ఆ చెక్కముక్క అలాగే ఉంది. వాన, గొడుగు, తలుపు, గోడ. ఈసారి చదివాను.

రెండో రంగంలో కండక్టర్ దగ్గాడు. దర్జీ గొడుగు తెరిచాడు. నా నోరు దానంతటదే "గొడుగు నీదే, వాన నాది" అంది. కండక్టర్ నేను పూర్తిచేసేదాకా ఆగి అప్పుడు అన్నాడు. హాలు నవ్వుతో ఊగిపోయింది. నర్సు గోడవైపు తిరిగింది. గోడ గట్టిగానే ఉంది.

ఆఖరి రంగం వచ్చింది. కండక్టర్ గోడ మీద చెయ్యి పెట్టాడు.  అందించడానికి నా పెదాలు సిద్ధంగా ఉన్నాయి. అతను దగ్గలేదు. గోడను తడిమాడు, తాపీగా, తొందరేమీ లేనట్టు, మేస్త్రీ మంచి పనివాడురా అన్నాడు. మాట మొత్తం, ఎక్కడా తెగకుండా. మా ఆయన నోట ఆ మాట అలా విని మూడేళ్లు దాటింది. తెర లాగాల్సింది నేనేనని కాసేపు గుర్తులేదు. నర్సు వెనకనుంచి వచ్చి నా నాడి పట్టుకుంటే అప్పుడు లాగాను.

ముఖం కడుక్కుంటున్న కండక్టర్‌తో అన్నాను, రెండో రంగంలో నీకు మాట పోయిందా నాయనా, ఫరవాలేదు, కొత్తలో అంతే అని.

"పోలేదత్తయ్యా. నాకు నాటకమంతా నోటికొచ్చు," అన్నాడు తువ్వాలు వెతుక్కుంటూ. "మీరు అందిస్తారని పుస్తకంలో రాసుంది కదా. అందుకని మీ మాట అయ్యేదాకా ఆగాను."

అచ్చు పుస్తకంలో కూడా అది అలాగే ఉంది. ఎవరు ఎప్పుడు వేసినా సరే, రెండో రంగంలో అన్న దగ్గాలి, ఒకరు పక్కన నిలబడి అందించాలి. కౌన్సిల్ రూలు, మార్చడానికి వీల్లేదు.

ఇట్లు,
తెర పెద్దమ్మ (హాల్లో అందరూ పిలిచే పేరే నా పేరు),
అరవై ఏడేళ్లు.
ఇప్పుడు ఉండేది మా అమ్మాయి ఇంట్లో, పై అంతస్తు, వెనక గది. కిటికీ తెరిస్తే హాలు కప్పు కనిపిస్తుంది. ఈ మధ్యే రేకులు మార్చారు.